ఎయిర్ రైఫిల్‌ను షూటర్ ఒంటికి అమర్చడం: ఒక ప్రాజెక్టు డైరీ

జూన్ రెండో వారం: ఉన్న స్థితి

మా శిక్షణ కేంద్రంలో ఉన్న ఫైన్‌వెర్క్‌బావ్ 700 రైఫిల్‌ను పదిహేనేళ్ల అమ్మాయికి పూర్తిగా అమర్చే పనిని ఈ వారం మొదలుపెట్టాను. ఇంతకుముందు ఆ రైఫిల్‌ను వాడిన కుర్రవాడు దాదాపు ఆరడుగుల పొడగరి. అతను పై చదువులకు వెళ్లిపోవడంతో అది ఈమె చేతికి వచ్చింది. ఈమె ఎత్తు 158 సెంటీమీటర్లు. అతని ఒంటికి బిగించిన కొలతలతోనే కొన్ని నెలలుగా సాధన చేస్తూ, రైఫిల్ ఎక్కడ ఉంటే అక్కడికి తన మెడను, భుజాన్ని, నడుమును తీసుకువెళ్లడం ఆమె అలవాటు చేసుకుంది. పది షాట్ల సిరీస్‌లో (దశాంశాలతో లెక్కిస్తే గరిష్ఠం 109) ఒకసారి 98 వస్తే మరుసటి సిరీస్‌లో 94కు పడిపోతోంది. సాధన గంటలు పెంచమంటారా అని ఇంట్లోవాళ్లు అడిగారు. ముందు రైఫిల్ సంగతి తేలాలని చెప్పాను. ఒంటికి సరిపడని రైఫిల్‌తో ఎన్ని ఎక్కువ గంటలు నిలబడితే ఆ వంకర భంగిమ కండరాల్లో అంత గట్టిగా పాతుకుపోతుంది. దాన్ని వదిలించడానికి తర్వాత పట్టే కాలం ఎక్కువ.

పని మొదలుపెట్టే ముందు మన లెక్క ఎంత సన్నని కొలతల మీద నడుస్తుందో రాసుకోవడం అవసరం. 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ టార్గెట్‌లో పది పాయింట్ల చుక్క వ్యాసం కేవలం 0.5 మిల్లీమీటర్లు, పెల్లెట్ వ్యాసం 4.5 మిల్లీమీటర్లు. పెల్లెట్ కేంద్రం టార్గెట్ కేంద్రానికి 2.5 మిల్లీమీటర్ల లోపు పడితేనే 10.0 దక్కుతుంది. అక్కడి నుంచి లోపలికి ప్రతి 0.25 మిల్లీమీటరుకు ఒక దశాంశం పెరుగుతూ 10.9 వరకు వెళుతుంది. క్వాలిఫికేషన్‌లో 75 నిమిషాల్లో 60 షాట్లు కాల్చాలి, గరిష్ఠ స్కోరు 654. 2012 లండన్ ఒలింపిక్స్‌లో మన హైదరాబాద్ షూటర్ గగన్ నారంగ్, క్వాలిఫికేషన్, ఫైనల్ స్కోర్లు కలిపి లెక్కించే అప్పటి పద్ధతిలో 701.1తో కాంస్యం గెలిచినప్పుడు రజతం గెలిచిన ఇటలీ షూటర్ నికోలో కాంప్రియాని స్కోరు 701.5. ఆ 0.4 తేడాను ఒకే ఒక్క షాట్ మీద వేసి చూస్తే టార్గెట్ మీద అది 1 మిల్లీమీటరు.

ఇంత సన్నని తేడాను రైఫిల్ అమరిక ఎలా తారుమారు చేస్తుందో చిన్న లెక్కతో చూపవచ్చు. కంటి దగ్గరుండే రియర్ సైట్‌కూ బ్యారెల్ కొసన ఉండే ఫ్రంట్ సైట్‌కూ మధ్య దూరం సుమారు 70 సెంటీమీటర్లు అనుకుందాం. కన్ను రియర్ సైట్ రంధ్రం కేంద్రం నుంచి 0.1 మిల్లీమీటరు పక్కకు జరిగి, ఫ్రంట్ సైట్ రింగు మాత్రం నల్ల వలయం చుట్టూ సమంగానే కనిపిస్తే, షూటర్‌కు గురి కుదిరినట్టే ఉంటుంది. కానీ 10 మీటర్ల దూరంలో ఆ పదో వంతు మిల్లీమీటరు దాదాపు 1.4 మిల్లీమీటర్లు అవుతుంది, అంటే అర పాయింటుకు పైనే పోతుంది. ప్రతి షాట్‌కూ తలను అదే చోట ఆనించగలగడం అన్నది షూటర్ శ్రద్ధ మీద మాత్రమే ఆధారపడదు. చెంప ఆనే చోటు సరిగా లేకపోతే ఎంత శ్రద్ధ గల షూటర్‌కైనా అది సాధ్యం కాదు.

అమరికను అనుమానించే ముందు రైఫిల్‌నూ పెల్లెట్లనూ పరీక్షించాను. రైఫిల్‌ను బల్లకు బిగించిన క్లాంపులో పెట్టి, ఆమె వాడే డబ్బాలోని పెల్లెట్లతోనే కొన్ని గ్రూపులు కాల్చాను. అన్నీ ఒకదాని మీద ఒకటి పడి ఒకే గుండ్రటి రంధ్రం చేశాయి, ఒక్కటి కూడా చెదరలేదు. కాబట్టి లోపం బ్యారెల్‌లో లేదు, పెల్లెట్‌లో లేదు. రైఫిల్‌కూ మనిషికీ మధ్య ఉంది.

ఆమె పాత టార్గెట్లను వరుసగా పరిచి చూస్తే ఒక ఆనవాలు దొరికింది. షాట్లు పక్కలకు పెద్దగా చెదరడం లేదు, నిలువుగా పైకీ కిందికీ సాగుతున్నాయి. రైఫిల్‌ను కండరాలతో ఎత్తి పట్టుకుంటున్న షూటర్లలో ఈ నిలువు గీత తరచుగా కనిపిస్తుంది. కండరం అలసే కొద్దీ బ్యారెల్ దిగుతుంది, దిగిందని గ్రహించి షూటర్ ఎత్తుతాడు, ఆ ఎత్తడం దించడం మధ్యలో ఎక్కడో ట్రిగర్ పడుతుంది.

జూన్ మూడో వారం: ముందు మనిషి, తర్వాత రైఫిల్

ఈ వారమంతా ఒక్క స్క్రూ కూడా తిప్పలేదు. రైఫిల్‌ను ఒంటికి అమర్చాలంటే ముందు ఆ ఒళ్లు సహజంగా ఎలా నిలబడుతుందో తెలియాలి. వంగిపోయిన భంగిమకు కొలతలు తీసి రైఫిల్‌ను బిగిస్తే ఆ వంకరను శాశ్వతం చేసినట్టే.

కొలతలన్నీ పూర్తి దుస్తులతోనే తీయాలన్న నియమం పెట్టుకున్నాను. షూటింగ్ జాకెట్, ప్యాంటు, బూట్లు, గ్లవ్ అన్నీ వేసుకున్నాకే టేపు తీస్తాం. నిబంధనల ప్రకారం జాకెట్ గుడ్డ మందం ఒక పొరకు 2.5 మిల్లీమీటర్లు మించకూడదు. అంత మందమైన కాన్వాసు, భుజం దగ్గర మెత్త, చంకలో పడే మడత అన్నీ కలిస్తే మామూలు చొక్కా మీద తీసిన కొలతకూ దీనికీ పొంతన ఉండదు.

రైఫిల్ లేకుండా ఆమెను ఫైరింగ్ లైన్ మీద ఎడమ పక్క టార్గెట్ వైపు ఉండేలా నిలబెట్టి, పాదాలు భుజాల వెడల్పులో ఉంచి, ఎడమ తుంటిని కొద్దిగా టార్గెట్ వైపు జరపమన్నాను. ఎడమ మోచేయి తుంటి ఎముక పైభాగాన ఆనాలి. ఆ మోచేతి మీద ముంజేయి దాదాపు నిటారుగా లేచి, దాని కొసన పిడికిలి నిలిస్తే రైఫిల్ బరువు కండరాల మీద పడకుండా ఎముకల మీదుగా పాదాలకు దిగుతుంది. స్టాండింగ్ పొజిషన్‌కు ప్రాణం ఇదే. నడుము పైభాగం కొంచెం వెనక్కి వాలుతుంది, ఎందుకంటే ఒంటికి ముందు వైపున ఉన్న రైఫిల్ బరువును సరితూచాలి. మేస్త్రీలు గోడ నిటారు చూసే గుండు దారాన్ని పైకప్పు నుంచి వేలాడదీసి, దాని వెనుక ఆమెను నిలబెట్టి, ముందు నుంచీ పక్క నుంచీ ఫోన్‌తో ఫొటోలు తీశాను. ఫొటోలో దారం ఉంటే తల ఎంత వంగిందో, తుంటి ఎంత జరిగిందో వాదన లేకుండా తెలుస్తుంది.

తర్వాత రైఫిల్ ఇచ్చి, సేఫ్టీ ఫ్లాగ్ పెట్టి, పాత అమరికతోనే ఎక్కించమని అవే ఫొటోలు మళ్లీ తీశాను. రెండు ఫొటోలను పక్కపక్కన పెడితే తేడా స్పష్టంగా కనిపించింది. రైఫిల్ లేనప్పుడు నిటారుగా ఉన్న తల, రైఫిల్ ఎక్కించగానే ముందుకు సాగి కిందికి వాలింది. కుడి భుజం చెవి వైపు లేచింది. ఎడమ మోచేయి తుంటి ఎముకను వదిలి కడుపు మీదికి జారింది.

"సార్, ఇలా కాసేపు ఉంటే మెడ లాగుతుంది," అంది.

"ఎక్కడమ్మా? వేలు పెట్టి చూపించు," అన్నాను.

మెడ వెనుక, కుడి వైపు పుర్రె మొదలయ్యే చోట వేలు పెట్టింది. తల బరువును చెంప మీద వదలకుండా మెడతోనే మోస్తే నొప్పి వచ్చే చోటు అదే. తల ముందుకు వంగినప్పుడు ఇంకో నష్టం కూడా ఉంది. అప్పుడు కన్ను కనుబొమ్మల కింది నుంచి పైకి చూడవలసి వస్తుంది, కంటి కండరాలు త్వరగా అలసిపోతాయి. లోపలి చెవిలోని సమతూకపు అవయవం కూడా తల నిటారుగా ఉన్నప్పుడే మనిషి నిలకడను బాగా కాపాడుతుంది. తల ఒరిగితే ఒంటి ఊగిసలాట పెరుగుతుంది.

జూలై మొదటి వారం: బట్ పొడవు

మొదటి మార్పు బట్ పొడవులో చేశాను. ట్రిగర్ నుంచి భుజానికి ఆనే బట్ ప్లేట్ వరకు ఉండే ఈ దూరం సరిగా లేకపోతే తర్వాత చేసే అమరికలన్నీ వృథా అవుతాయి, అందుకే దీనితో మొదలుపెట్టాలి. పొడవు ఎక్కువైతే కుడి చేయి గ్రిప్‌ను అందుకోవడానికి భుజాన్ని ముందుకు లాగుతుంది, చెంపను ఆనించడానికి తల సాగుతుంది, రైఫిల్ బరువు ఒంటికి దూరంగా జరిగి నడుము ఇంకా వెనక్కి వాలవలసి వస్తుంది. పొడవు తక్కువైతే కుడి మోచేయి ఇరుక్కుపోతుంది, ముఖం రియర్ సైట్‌కు మరీ దగ్గరవుతుంది.

రైఫిల్ మీదున్న పాత స్థానాలన్నింటినీ వెర్నియర్ కాలిపర్స్‌తో కొలిచి నోట్‌బుక్‌లో ఎక్కించాను. స్టాక్ మీద సన్నని తెల్ల టేపు అంటించి పెన్సిలుతో గీతలు గీశాను. ఎక్కడ మొదలుపెట్టామో తెలియకపోతే వెనక్కి రావడానికి దారి ఉండదు. తర్వాత అలెన్ కీతో బట్‌ను వదులు చేసి 5 మిల్లీమీటర్ల చొప్పున తగ్గిస్తూ, ప్రతి తగ్గింపు తర్వాత ఆమెను కొన్ని డ్రై ఫైర్ షాట్లు, అంటే పెల్లెట్ లేకుండా ట్రిగర్ నొక్కే షాట్లు చేయమన్నాను. ఆమె ఏమీ చెప్పకముందే ఫొటో చూస్తాను. తర్వాత ఆమెను అడుగుతాను. ఇద్దరి మాటా కలిసినప్పుడే ముందుకు వెళతాం.

మొత్తం 18 మిల్లీమీటర్లు తగ్గాక కుడి భుజం దిగింది. కుడి మోచేయి బరువుగా, తీరికగా వేలాడింది. చివరి కొన్ని మిల్లీమీటర్లు మాత్రం 5 చొప్పున కాక ఒకటి రెండు చొప్పున చేశాను, ఎందుకంటే అక్కడికి వచ్చేసరికి ఒళ్లు ఎంతో చిన్న తేడాను కూడా పసిగడుతుంది.

బట్ పొట్టిదవగానే ముఖం ముందుకు వచ్చి కన్ను రియర్ సైట్‌కు దగ్గరైంది. అందుకని రియర్ సైట్‌ను పట్టీ మీద అంతే ముందుకు జరిపాను. ఒక స్క్రూ తిప్పితే ఇంకో రెండు స్క్రూలు పిలుస్తాయన్నది ఈ పనిలో ఎప్పుడూ గుర్తుంచుకోవాలి. అయినా ఒక రోజున ఒకే అమరికను మార్చాలి. ఒకేసారి మూడింటిని కదిపితే స్కోరు పెరిగినా, తగ్గినా కారణం ఏదో చెప్పలేం.

జూలై రెండో, మూడో వారాలు: బట్ ప్లేట్ ఎత్తు, ఫోర్‌ఎండ్, సహజ గురి

ఈ భాగమే ప్రాజెక్టులో అన్నింటికంటే ఎక్కువ కాలం తీసుకుంది, తీసుకోవలసింది కూడా.

రైఫిల్‌ను ఎక్కించి, గురి పెట్టి, కళ్లు మూసుకుని, రెండు మూడు సార్లు నెమ్మదిగా ఊపిరి వదిలి, ఒళ్లు తానుగా సర్దుకున్నాక కళ్లు తెరిస్తే రైఫిల్ ఎటు చూస్తుందో అదే షూటర్ల భాషలో ఎన్‌పీఏ, అంటే కండరాల ప్రయత్నం లేకుండా ఒళ్లు తానుగా చూపే గురి. అది టార్గెట్ కేంద్రం మీద లేకపోతే ప్రతి షాట్‌కూ షూటర్ రైఫిల్‌ను అక్కడికి నెట్టుకుపోవాలి. ట్రిగర్ విడిచిన క్షణంలో, పెల్లెట్ ఇంకా బ్యారెల్‌లో ఉండగానే, ఆ నెట్టుడు కొంచెం సడలుతుంది. ఎయిర్ రైఫిల్ పెల్లెట్ వేగం సెకనుకు సుమారు 170 మీటర్లే కాబట్టి బ్యారెల్ దాటడానికి దానికి ఫైర్‌ఆర్మ్ గుండు కంటే ఎక్కువ కాలం పడుతుంది, ఆ కాలమంతా రైఫిల్ కదలిక షాట్ మీద ముద్ర వేస్తూనే ఉంటుంది.

సహజ గురి ఎడమకో కుడికో తప్పితే పాదాలు జరిపి సరిచేసుకోవచ్చు. పైకో కిందికో తప్పితే పాదాలతో పని జరగదు, రైఫిల్‌లోనే సరిచేయాలి. ఈ అమ్మాయి సహజ గురి నల్ల వలయానికి చాలా కిందుగా ఉంది. టార్గెట్ కేంద్రం నేల నుంచి 1.40 మీటర్ల ఎత్తులో ఉంటుంది, ఆమె ముంజేయి పొట్టిది. తుంటి ఎముక మీద మోచేయి ఆనించి పిడికిలి మీద రైఫిల్ పెడితే బ్యారెల్ కిందికి చూస్తోంది. పొడగరి అయిన పాత షూటర్ ముంజేతికి ఆ ఎత్తు సరిపోయింది, ఈమెకు సరిపోలేదు. అందుకే ఆమె మోచేతిని తుంటి నుంచి లేపి, భుజం కండరంతో రైఫిల్‌ను మోస్తూ వచ్చింది. టార్గెట్ల మీద కనిపించిన నిలువు గీతకు కారణం ఇక్కడ దొరికింది.

ఎడమ చేయి మోసే ముందు భాగమైన ఫోర్‌ఎండ్ కింద ఉండే రైజర్ దిమ్మెను 15 మిల్లీమీటర్లు దించి బిగించాను. పిడికిలి ఎక్కడ ఉందో అక్కడే ఉంటుంది, రైఫిల్ మాత్రం పైకి లేస్తుంది. ఫోర్‌ఎండ్ లోతుకు నిబంధనల్లో పరిమితి ఉంది, ఎయిర్ రైఫిల్‌లో పామ్ రెస్ట్‌కు, అంటే అరచేతిలో ఆనించుకునేందుకు కింద తగిలించే ఊతకు, అసలు అనుమతి లేదు. కాబట్టి ఈ అమరికను పోటీల పరికరాల తనిఖీలో వాడే కొలతలతో సరిచూసుకుని మరీ బిగించాను. ఇంట్లో సౌకర్యంగా ఉన్న అమరిక తనిఖీ బల్ల దగ్గర ఆగిపోతే, పోటీ రోజు ఉదయం ఆ అమ్మాయికి జరిగే నష్టం ఏ స్కోరు లెక్కకూ అందదు.

తర్వాత బట్ ప్లేట్ ఎత్తు. బట్ ప్లేట్‌ను స్టాక్ మీద కిందికి దించితే భుజం మీద రైఫిల్ పైకి లేస్తుంది, దానితో చెంప ఆనే చీక్ పీస్, సైట్లు అన్నీ ముఖానికి ఎదురు వస్తాయి. తలను రైఫిల్ దగ్గరికి దించే బదులు రైఫిల్‌ను తల దగ్గరికి తెచ్చే ఉపాయం ఇది. అయితే రైఫిల్ వెనుక భాగం లేస్తే బ్యారెల్ కొస దిగుతుంది, అంటే ఫోర్‌ఎండ్ దగ్గర సాధించినదాన్ని ఇది కొంత తినేస్తుంది. అందుచేత ఈ రెండింటినీ ఒకదాని తర్వాత ఒకటిగా, కొద్ది కొద్దిగా మారుస్తూ రెండు వైపుల నుంచి మధ్యకు చేరవలసి వచ్చింది. సైట్ల కింద వేసే రైజర్లు కూడా ఒక జత వేశాను. అవి వేశాక తల ఇంకా నిటారైంది. రెండు సైట్లనూ ఒకే ఎత్తుకు లేపాలి, లేకపోతే సైట్‌ను సర్దే మరలోని క్లిక్కులు సరిపోవు.

బట్ ప్లేట్ వాలు విషయంలో తొందరపడలేదు. దాని పైకొన, కిందికొన రెండూ భుజపు గుంటలో సమంగా ఒత్తుతున్నాయో లేదో తెలుసుకోవడానికి జాకెట్ మీద సుద్ద రాసి, ఆమె కొన్ని షాట్లు డ్రై ఫైర్ చేశాక ప్లేట్ మీద అంటిన సుద్దను చూశాను. మొదట కిందికొసన మాత్రమే అంటింది. వాలును కొద్దిగా తిప్పాక నిడివంతా పలచగా అంటింది. ప్రతిసారీ అదే గుంటలో రైఫిల్ కూర్చోవడం అన్నది తర్వాతి షాట్ల ఏకరూపతకు పునాది.

ఇక్కడ కాంట్ గురించి, అంటే రైఫిల్ పక్కకు ఒరగడం గురించి కూడా రాయాలి. ఆమె రైఫిల్‌ను సహజంగానే కొంచెం ముఖం వైపు ఒరిగించి పట్టుకుంటుంది. చాలామంది మంచి షూటర్లు అలాగే పట్టుకుంటారు, దానివల్ల తల నిటారుగా ఉంటుంది, అందులో తప్పు లేదు. తప్పంతా ఆ ఒరుగు షాట్‌కూ షాట్‌కూ మారడంలో ఉంది. 10 మీటర్లు వెళ్లేలోపు పెల్లెట్ సుమారు 17 మిల్లీమీటర్లు కిందికి జారుతుంది, ఆ జారుడును సైట్లు సరిదిద్దుతాయి. రైఫిల్ ఒక డిగ్రీ ఎక్కువ ఒరిగితే ఆ సర్దుబాటు పక్కకు తిరిగి, పెల్లెట్ దాదాపు 0.3 మిల్లీమీటర్లు పక్కకు పడుతుంది. మూడు డిగ్రీలైతే మూడున్నర దశాంశాలు పోతాయి. ఆమె ఒరుగును బలవంతంగా నిటారు చేయకుండా, బట్ ప్లేట్‌నే ఆ ఒరుగుకు తగ్గట్టు తిప్పి బిగించాను. సాధన మొదట్లో ఫ్రంట్ సైట్ దగ్గర చిన్న రసమట్టం పెట్టి ఒరుగు నిలుస్తోందో లేదో చూశాను, నిలిచిందని తేలాక తీసేశాను.

జూలై చివరి వారం: చెంప, కన్ను

చీక్ పీస్ పరీక్ష చాలా సులువైనది, చాలా కఠినమైనది కూడా. కళ్లు మూసుకుని రైఫిల్ ఎక్కించి, తల బరువంతా చెంప మీద వదిలి, కళ్లు తెరవాలి. ఫ్రంట్ సైట్ గొట్టం రియర్ సైట్ రంధ్రం మధ్యలో, చుట్టూ ఒకే మందంతో వెలుతురు ఉండేలా కనిపించాలి. తలను ఇటు అటు వెతుక్కుని కేంద్రం పట్టుకోవలసి వస్తే అమరిక ఇంకా కుదరలేదని అర్థం.

మొదటిసారి ఆమె కళ్లు తెరిచి, "కింద చంద్రవంకలా నల్లగా కనిపిస్తోంది సార్," అంది. రంధ్రం అంచు నీడ ఏ వైపు కనిపిస్తే కన్ను కేంద్రం నుంచి ఆ వైపుకు తప్పిందని లెక్క, అంటే ఇక్కడ కన్ను కిందికి దిగి ఉంది. చీక్ పీస్‌ను 2 మిల్లీమీటర్లు లేపాను. వంక సన్నబడింది. ఇంకొక మిల్లీమీటరు లేపాక పోయింది. అప్పుడు ఎడమ వైపున ఇంకా సన్నని గీత మిగిలింది, చీక్ పీస్‌ను పక్కకు కొంచెం జరపడంతో అదీ పోయింది.

చీక్ పీస్ ఎత్తు కుదిరిందనడానికి ఇంకో సాక్ష్యం ఆమె ముఖం మీదే ఉంది. జూన్‌లో సాధన ముగిసేసరికి దవడ ఎముక అంచున ఎర్రటి గీత పడేది. ఇప్పుడు అది పైకి జరిగి చెంప ఎముక కింద, మెత్తటి చోట, వెడల్పుగా లేత గులాబి రంగులో పడుతోంది. దవడ కదిలే ఎముక, పళ్లు బిగించినా వదిలినా దాని స్థానం మారుతుంది. చెంప ఎముక కదలదు. కన్నుకు నిలకడైన ఆధారం కావాలంటే తల ఆనవలసింది అక్కడే.

ఆగస్టు మొదటి వారం: గ్రిప్, ట్రిగర్, బరువు

గ్రిప్‌ను ఆమె చేతికి చెక్కే పనిలో ఎం-సీల్ వాడాను. గ్రిప్ చెక్కదే, కానీ పెద్ద చేతికి మలిచినది. ఆమె వేళ్లు దాని చుట్టూ తిరిగేసరికి చూపుడు వేలు ట్రిగర్‌ను కొసతో మాత్రమే అందుకునేది. అరచేతి మడమ ఆనే చోట కొంత చెక్కను ఆకురాయితో రాసి తగ్గించాను. బొటనవేలి కింద ఖాళీ మిగిలిన చోట ఎం-సీల్ ముద్ద పెట్టి, ఆమె అరచేతికి పలచగా కొబ్బరి నూనె రాయించి, రైఫిల్‌ను భంగిమలో ఎక్కించి పట్టుకోమన్నాను. ముద్ద గట్టిపడే వరకు చేతిని బిగించకుండా, షాట్ సమయంలో ఎంత బలం పెడుతుందో అంతే పెట్టమని గుర్తుచేస్తూ ఉన్నాను, ఎందుకంటే గట్టిగా నొక్కితే ఆ అచ్చు నొక్కిన చేతికే సరిపోతుంది. చేయి తీశాక ముద్ద మీద ఆమె అరచేతి గీతలు కూడా దిగాయి. మరునాడు ఇసుక కాగితంతో అంచులు నునుపు చేశాను. అల్యూమినియం స్టాకులు రాకముందు షూటర్లు స్టాక్ మొత్తాన్నీ ఇలాగే ఆకురాయితో చెక్కుకుని, పుట్టీతో పూడ్చుకుని తమకు తగ్గట్టు చేసుకునేవారు. ఆ పని ఇప్పుడు గ్రిప్ వరకే మిగిలింది, దాన్ని కూడా చాలామంది వదిలేయడం నాకు బాధగా ఉంటుంది.

ట్రిగర్ బ్లేడును వెనక్కి జరిపి, చూపుడు వేలి మొదటి కణుపు మెత్తటి భాగం దాని మీద పడేలా చూశాను. వేలు స్టాక్‌ను ఎక్కడా తాకకూడదు, వెనక్కి నేరుగా కదలాలి. ఎయిర్ రైఫిల్‌లో ట్రిగర్ బరువుకు కనీస పరిమితి లేదు కాబట్టి తేలికగానే ఉంచాను.

బరువు విషయంలో నా అభిప్రాయం కొందరికి నచ్చకపోవచ్చు. నిబంధనల ప్రకారం రైఫిల్ 5.5 కిలోల వరకు ఉండవచ్చు, బరువైన రైఫిల్ తక్కువగా వణుకుతుంది కాబట్టి పిల్లల రైఫిళ్లకు కూడా బ్యారెల్ కొసన బరువులు తగిలించే అలవాటు ఉంది. మొదటి ఇరవై షాట్ల వరకు అది నిజంగానే మేలు చేస్తుంది. నలభయ్యో షాట్‌కు వచ్చేసరికి పదిహేనేళ్ల నడుము ఆ బరువుకు బదులు చెల్లిస్తుంది. ఇంకా ఎదుగుతున్న వెన్నెముక మీద రోజూ ఆ వంపు, ఆ బరువు వేయడం నాకు సమ్మతం కాదు. ముందున్న బరువులన్నీ తీసేశాను, తూకంలో 4.5 కిలోలు వచ్చింది. బ్యారెల్ కొస మరీ తేలికై గాలికి ఊగినట్టు అనిపించడంతో చిన్న బిళ్ల ఒకటి తిరిగి పెట్టి, రైఫిల్ సమతూక బిందువు ఎడమ పిడికిలికి కొంచెం ముందు ఉండేలా చేశాను.

ఆగస్టు మూడో వారం: పరీక్ష

ఇన్నాళ్లూ స్కోరు రాయలేదు. అమరిక మారుతున్న రోజుల్లో స్కోరు చూస్తే మనసు దాని వెంటే పోతుంది, ఒళ్లు చెప్పేది వినపడదు. ఈ వారం స్కాట్ పరికరాన్ని బ్యారెల్‌కు బిగించి, గురి కదలిక గీతను తెర మీద చూశాం. జూన్‌లో తీసి పెట్టిన గీతలో గురి కింది నుంచి మెట్లుగా ఎక్కుతూ, పదిలో ఒక్క క్షణం నిలిచి, ట్రిగర్ పడగానే మళ్లీ కిందికి జారేది. ఇప్పుడు పై నుంచి మెల్లగా దిగి, మధ్యలో చిన్న ముడిలా చుట్టుకుని, షాట్ తర్వాత కూడా అదే ముడిలో కొంతసేపు ఉంటోంది. నాకు అన్నింటికంటే విలువైనది ఆ చివరి భాగం. షాట్ వెళ్లాక రైఫిల్ ఎక్కడికి వెళుతుందో చూస్తే, షాట్‌కు ముందు దాన్ని ఎవరు పట్టుకుని ఉన్నారో తెలుస్తుంది. ఎముకలు పట్టుకుని ఉంటే అక్కడే ఉంటుంది, కండరాలు పట్టుకుని ఉంటే పారిపోతుంది.

ఆ తర్వాతే అసలు టార్గెట్ మీద పూర్తి మ్యాచ్ కాల్పించాను, 75 నిమిషాల గడియారం పెట్టి. సిరీస్‌లు ఎక్కువగా 100, 101 చుట్టూ నిలిచాయి. ఒకటి 98కి దిగింది. అందరూ పెరిగిన అంకెను చూశారు, నేను మాత్రం చివరి రెండు సిరీస్‌లు మొదటి రెండింటితో సమానంగా రావడం చూసి సంతోషించాను. అలసట వల్ల స్కోరు పడిపోవడం అన్నది ఈ అమ్మాయి విషయంలో బలానికి సంబంధించిన సమస్య కాదని అక్కడ తేలింది. మెడ సంగతి అడిగితే, "ఇవాళ దాని గురించి గుర్తే రాలేదు సార్," అంది.

మ్యాచ్ మధ్యలో ఒక విషయం గమనించాను. మధ్యాహ్నం ఏసీ సరిగా పనిచేయక హాలు వేడెక్కాక, చెమటకు జాకెట్ మెత్తబడి చంక దగ్గర మడత లోతుగా పడింది, బట్ ప్లేట్ ఆ మడతలోకి కొంచెం జారింది. మన ఊళ్ల ఎండల్లో ఇది తప్పదు. పొద్దున తీసిన కొలతనూ, రెండు గంటలు జాకెట్ వేసుకున్నాక తీసిన కొలతనూ వేరువేరుగా రాస్తున్నాను. ఇద్దరం కలిసి మడతను ఏ చేత్తో, ఏ క్రమంలో సర్దుకోవాలో ఖాయం చేశాం, రైఫిల్ ఎక్కించే ప్రతిసారీ ఆమె అదే క్రమం పాటిస్తోంది.

ఆగస్టు చివర: నోట్‌బుక్, మిగిలిన పని

అన్ని స్థానాలనూ కాలిపర్స్‌తో మళ్లీ కొలిచి రెండు కాగితాల మీద రాశాను. ఒకటి రైఫిల్ పెట్టెలో, ఒకటి నా దగ్గర. ప్రయాణంలో స్క్రూ వదులైనా, పెట్టెలో పట్టడానికి బట్ విప్పినా, ఏ గీత దగ్గరికి తేవాలో ఆమె స్వయంగా చూసుకోగలగాలి. అలెన్ కీ పట్టుకుని బట్ తీసి, తిరిగి అదే చోట బిగించడం ఆమె చేతే చేయించాను.

ఎదిగే వయసు కాబట్టి ఈ అంకెలు శాశ్వతం కావు. ఎత్తును, ముంజేయి పొడవును, భుజాల వెడల్పును ప్రతి మూడు నెలలకు కొలవాలని నిర్ణయించాను. వాటిలో ఏది మారినా మొదట చూడవలసింది బట్ పొడవు, తర్వాత చీక్ పీస్. అంతకంటే ముందుగా చేయవలసిన పని ఇంకొకటి ఉంది. ఆమె ప్రస్తుత జాకెట్ భుజం దగ్గర బిగుతైపోయింది, దర్జీకి ఇచ్చిన కొత్తది సెప్టెంబరులో వస్తుంది. అది వచ్చాక బట్ ప్లేట్ మీద సుద్ద పరీక్ష నుంచి మళ్లీ మొదలుపెట్టి, పాత అంకెలను కొట్టివేయకుండా పక్క వరుసలో కొత్తవి రాస్తాను.